పాలు పడటం లేదా, పట్టే తీరిక లేదా?

మూడు నెలల బిడ్డ తల్లి దగ్గర రోజుకు ఎన్ని పాలు తాగుతుంది? సగటున 750 నుంచి 800 మిల్లీలీటర్లు అంటారు. అయితే ఈ సగటును పట్టుకుని మన బిడ్డను కొలవబోతే బోల్తా పడతాం. తల్లిపాలు తప్ప ఇంకేమీ తాగని, బరువు చక్కగా పెరుగుతున్న పిల్లలను ఆస్ట్రేలియాలో పరిశోధకులు కొలిచి చూశారు. ఒక బిడ్డ రోజుకు 480 గ్రాములకు కాస్త తక్కువ తాగితే, ఇంకో బిడ్డ 1350 గ్రాములు దాటింది. దాదాపు మూడింతల తేడా, అయినా ఇద్దరూ ఆరోగ్యంగానే ఉన్నారు.

నల్గొండ, పాలమూరు పల్లెల్లో ఇంత తేడాకు ఆస్కారం ఉందని ఎవరూ ఒప్పుకోరు. బిడ్డ నాలుగుసార్లు ఎక్కువ ఏడిస్తే చాలు, 'తల్లికి పాలు పడ్తలేవు' అనే తీర్పు వచ్చేస్తుంది. తిండి సరిపోలేదంటారు, రక్తం లేదంటారు, ఆపరేషన్ అయిందంటారు, దిష్టి అంటారు. వీటిలో కొన్ని నిజమే. కానీ పరిశోధనలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది వేరు. బిడ్డ కడుపులోకి వెళ్లే పాలను అన్నిటికంటే ఎక్కువగా తేల్చేది, రోజులో ఎన్నిసార్లు, ఎంతసేపు తల్లి బిడ్డను రొమ్ముకు పెట్టుకోగలుగుతోంది అన్నదే. ఆ గంటలు చాలావరకు ఆమె చేతిలో ఉండవు.

అసలు కొలిచేదెట్లా?

సీసా పాలైతే గీతలు చూసి చెప్పొచ్చు. తల్లిపాలకు ఆ వీలు లేదు. పాత పద్ధతి తూకం. పాలిచ్చే ముందు బిడ్డను తూస్తారు, ఇచ్చాక అవే బట్టల మీద మళ్లీ తూస్తారు. మధ్యలో బిడ్డ పాసుకు పోసినా గుడ్డ మార్చకూడదు, మారిస్తే లెక్క తప్పుతుంది. ఒక్కో విడతలో బిడ్డ తాగేది 70, 80 గ్రాములు. అంగన్‌వాడీలో వేలాడదీసే పాత కాటా 100 గ్రాములకో గీత చూపిస్తుంది, కాబట్టి అది ఈ పనికి అస్సలు చాలదు. గ్రాముల్లో చూపే ఎలక్ట్రానిక్ కాటా కావాలి, ఇరవై నాలుగు గంటలూ ఒక మనిషి ఆ ఇంట్లోనే కూర్చోవాలి. అర్ధరాత్రి పక్కలో పడుకుని నిద్రలోనే బిడ్డ తాగే పాలను తూచేదెవరు? పైగా కాటా పట్టుకుని ఒకరు ఎదురుగా కూర్చుంటే ఏ తల్లీ మామూలుగా ఉండలేదు.

రెండో పద్ధతి వింటే వింతగా ఉంటుంది. మన మణుగూరు ప్లాంటులో అణు రియాక్టర్ల కోసం భారజలం తయారవుతుంది కదా, ఆ రకం నీళ్లే ఒక 30 గ్రాములు తల్లికి తాగిస్తారు. ఇందులో రేడియేషన్ ఏమీ ఉండదు, మామూలు హైడ్రోజన్ బదులు కాస్త బరువైన హైడ్రోజన్ ఉంటుంది, అంతే. ఆ తర్వాత 14 రోజుల్లో కొన్నిసార్లు తల్లి ఉమ్మినీ, బిడ్డ ఉమ్మినీ దూదితో తీసి పరీక్షిస్తారు. తల్లి ఒంట్లో ఆ బరువైన హైడ్రోజన్ రోజురోజుకూ తగ్గుతుంది. బిడ్డ ఒంట్లో మొదట పెరిగి, తర్వాత తగ్గుతుంది. అది బిడ్డలోకి వచ్చే దారి తల్లిపాలు ఒక్కటే గనుక, ఎంత వేగంగా పెరిగిందో చూసి ఎన్ని పాలు తాగిందో లెక్కగడతారు.

ఈ లెక్కలో ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. బిడ్డకు పాలు కాకుండా వేరే నీళ్లు పట్టి ఉంటే ఆ మేరకు హైడ్రోజన్ పలచబడి కనిపిస్తుంది. చాలా దేశాల్లో, 'నా పాలు తప్ప ఏమీ పట్టలేదు' అన్న తల్లుల పిల్లల్లోనూ ఇలా బయటి నీళ్ల జాడ తేలింది. తల్లులు అబద్ధం చెప్పారని అనుకోనక్కర్లేదు. ఆమె బోరింగు దగ్గరికి వెళ్లి వచ్చేలోపు అవ్వ రెండు చెంచాల నీళ్లు పోసి ఉండొచ్చు. ఆ సంగతి సర్వేలో అడిగిన ప్రశ్నకు రాదు.

చెలిమలాంటిది

ఎండాకాలం వాగు ఎండితే ఇసుకలో చెలిమ తీస్తారు. తోడుకున్నకొద్దీ నీళ్లు ఊరుతుంటాయి. పాలూ అంతే. బిడ్డ చీకినప్పుడల్లా తల్లి మెదడు నుంచి ప్రొలాక్టిన్ అనే హార్మోను విడుదలవుతుంది, అది పాలను తయారు చేయిస్తుంది. రాత్రిపూట దాని మోతాదు ఎక్కువ. అందుకే రాత్రి పాలు మాన్పిస్తే కొన్నాళ్లకు పగటి పాలూ తగ్గినట్టు అనిపిస్తుంది. రొమ్ములో పాలు తీయకుండా మిగిలిపోతే అక్కడ తయారీ దానంతటదే మందగిస్తుంది. ఒక పక్క ఖాళీ అయి, ఇంకో పక్క నిండుగా ఉంటే రెండో పక్కే నెమ్మదిస్తుంది. అంటే ఇది ఒంటి మొత్తానికి వచ్చే ఆజ్ఞ మాత్రమే కాదు, ఏ రొమ్ముకు ఆ రొమ్ము పెట్టుకునే లెక్క కూడా.

తయారైన పాలు బయటికి రావడానికి ఇంకో హార్మోను కావాలి, ఆక్సిటోసిన్. నొప్పి, భయం, టెన్షన్ దాన్ని ఆపేస్తాయి. ఇంటికి చూడవచ్చిన నలుగురూ తల్లి ముందే 'ఏమమ్మా, నీకు పాలే లేనట్టున్నయి' అని పోతారు చూడండి, ఆ మాటే సగం నష్టం చేస్తుంది.

ఇక్కడినుంచి కథ ఒక ఒరవడిలో నడుస్తుంది. పాలు లేవని ఒక పూట డబ్బాపాలు పడతారు. కడుపు నిండిన బిడ్డ ఆ పూట చీకదు. రొమ్ములో పాలు మిగిలిపోతాయి, తయారీ తగ్గుతుంది. నాలుగో రోజుకు పాలు నిజంగానే తక్కువవుతాయి. 'మేం ముందే చెప్పలె?' అంటారు ఇంట్లోవాళ్లు. పాలు చాలుతున్నాయో లేదో తెలుసుకోవడానికి ఏడుపు నమ్మదగిన గుర్తు కాదు. ఎండకూ ఏడుస్తారు, కడుపు ఉబ్బరానికీ ఏడుస్తారు, ఎత్తుకోమనీ ఏడుస్తారు. మొదటి వారం దాటాక రోజుకు ఆరుసార్లో అంతకంటే ఎక్కువో పాసుకు పోస్తుంటే, రెండు వారాల్లోపు పుట్టినప్పటి బరువుకు తిరిగొచ్చి తర్వాత నెలనెలా పెరుగుతుంటే, పాలు చాలుతున్నట్టే.

తల్లి తిండి సంగతి

తల్లి బాగా తింటే పాలు ఎక్కువ పడతాయని మన గట్టి నమ్మకం. ఆఫ్రికాలోని గాంబియాలో కెనెబా అనే పల్లెలో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఏళ్ల తరబడి దీన్ని పరీక్షించారు. అర్ధాకలితో ఉండే తల్లులకు రోజూ అదనపు ఆహారం ఇచ్చారు. తల్లుల ఆరోగ్యం మెరుగుపడింది గానీ పాల పరిమాణం పెరగలేదు. సన్నగా ఉన్న తల్లి కూడా దాదాపు తిండి ఉన్న తల్లి అంతే పాలిస్తుంది. మరీ కరువు స్థితికి వెళ్తే తప్ప ఒళ్లు బిడ్డ వాటాను తగ్గించదు, తల్లి ఒంట్లోంచి తీసి ఇస్తుంది. అదే పల్లెలో వానాకాలంలో మాత్రం పాలు తగ్గేవి. ఇంట్లో గింజలు అయిపోయి, పొలంలో పని నెత్తిమీద ఉండే కాలం అది. మన వైపు నాట్ల రోజులు గుర్తుకు తెచ్చుకోండి.

తిండితో మారేది పాల నాణ్యత, అదీ కొన్నింటిలోనే. తల్లికి విటమిన్ ఏ, బీ1, బీ12, అయోడిన్ తక్కువైతే పాలలోనూ తక్కువవుతాయి. కాల్షియం, ఐరన్ అలా కావు. అవి తగ్గితే పాలకు లోటు రాదు, దెబ్బ తల్లికే. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలని భారత వైద్య పరిశోధన మండలి చెబుతోంది. అది పాలు పెంచడానికని కాకుండా ఆమె నిలబడటానికి అనుకుంటే సరిగ్గా ఉంటుంది.

2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో బాలింతలకు పప్పు, కూరతో ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. మంచి పథకం. కాకపోతే ఆ భోజనం మధ్యాహ్నం, కేంద్రంలోనే కూర్చుని తినాలి. ఆ వేళకు కూలి తల్లి చేను మధ్యలో ఉంటుంది.

ఇళ్లలో పథ్యం ఇంకో కథ. ఎల్లిగడ్డ కారం, మెంతులు, జొన్నరొట్టె పెట్టడంలో హాని లేదు. తల్లి వెల్లుల్లి తింటే ఆ వాసన పాలలోకి వస్తుందనీ, అప్పుడు పిల్లలు రొమ్మును ఎక్కువసేపు పట్టుకుంటారనీ అమెరికాలో ఒక ప్రయోగంలో తేలింది. తాగిన పాలు మాత్రం చెప్పుకోదగ్గంత పెరగలేదు. కొన్ని ఇళ్లలో బాలింతకు నీళ్లు తగ్గిస్తారు, అది మాత్రం మానుకోవాలి. అవసరానికి మించి నీళ్లు తాగితే పాలు పెరగవన్నది నిజమే, కానీ దాహంతో ఉన్న తల్లిని ఆపడం వల్ల ఆమెకు నీరసం, తలనొప్పి, మలబద్ధకం తప్ప ఒరిగేదేం లేదు.

కల్లు గురించి కూడా చెప్పాలి. పాలు పడతాయని బాలింతకు లోటాడు కల్లు ఇచ్చే ఇళ్లున్నాయి. ఆల్కహాల్ ఆక్సిటోసిన్‌ను అణచి పాలు బయటికి రాకుండా చేస్తుంది. తల్లి మద్యం తాగిన తర్వాత కొన్ని గంటలు పిల్లలు మామూలుకంటే తక్కువ పాలు తాగారని ప్రయోగాల్లో రుజువైంది. అది చెట్టు కల్లు సంగతి. డైజిపామ్, ఆల్ప్రజోలమ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లు పాలమూరు జిల్లాకు కొత్త కాదు. ఈ మత్తు మందులు పాలలోకి చేరితే బిడ్డ మగతగా పడి ఉంటుంది, సరిగ్గా చీకదు. 'కల్లు తాగినంక బిడ్డ హాయిగా పండుకుంది' అని సంబరపడేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

మొదటి రోజు ఆస్పత్రిలో

తెలంగాణలో 97 శాతం ప్రసవాలు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. అయినా అదే 2019-20 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు 37.1 శాతమే. ఇంట్లో మంత్రసాని చేసిన కాన్పుల కాలంలో ముర్రుపాలు పిండి పారబోసేవారని చెప్పుకుని బాధపడతాం. ఇప్పుడు ఆ పని ఇంకో రకంగా జరుగుతోంది. రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్‌లే. ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే ఎనభై శాతం పైనే. కోత పడిన తల్లి ఒక గదిలో, బిడ్డ బయట అమ్మమ్మ చేతుల్లో. ముహూర్తం చూసి కోయించుకున్నవాళ్లకు కూడా బిడ్డను రొమ్ముకు పెట్టే ముహూర్తం గుర్తుండదు.

సిజేరియన్ అయితే పాలు రావన్నది నిజం కాదు. పాలు దిగడం కొంత ఆలస్యం కావచ్చు, అంతే. వెన్నులో మత్తు ఇచ్చిన తల్లి మెలకువగానే ఉంటుంది, ఒకరు సాయం పడితే ఆపరేషన్ థియేటర్ నుంచి రాగానే పాలివ్వొచ్చు. మొదటి రోజు వచ్చే పాలు మొత్తం కలిపినా సుమారు 30 మిల్లీలీటర్లు, అంటే ఆరు చిన్న చెంచాలు. చిక్కగా, పసుపచ్చగా ఉండే ఆ చుక్కలే అప్పటి బిడ్డ కడుపుకు సరిపడే కొలత. పక్క మంచం వాళ్లు చూసి 'చుక్కలే వస్తున్నయి' అంటారు, తండ్రి మెడికల్ షాపుకు పరుగెత్తుతాడు. 1992లో వచ్చి 2003లో సవరించిన చట్టం ప్రకారం డబ్బాపాలకు, పాలసీసాలకు ఎలాంటి ప్రచారం చేయకూడదు, ఆస్పత్రుల ద్వారా అంటగట్టకూడదు. డిశ్చార్జి కాగితాల మీద డబ్బా పేరు రాసి ఇచ్చే అలవాటు మాత్రం పోలేదు.

నీళ్లు, అందులోనూ నల్గొండ నీళ్లు

మే నెలలో నల్గొండ, మిర్యాలగూడల్లో 44, 45 డిగ్రీలు కొడుతుంటే 'పెద్దోళ్లమే ఉండలేకపోతున్నం, సంటిపిల్లకు గొంతెండదా?' అని అడిగే అవ్వకు జవాబు చెప్పడం తేలిక కాదు. తల్లిపాలలో సుమారు 88 శాతం నీళ్లే. మన దేశంలోనే ఎండాకాలంలో చేసిన పరిశీలనల్లో, తల్లిపాలు మాత్రమే తాగే పిల్లలకు వేరే నీళ్లు అవసరం లేదని తేలింది. బిడ్డకు దాహమైతే ఇంకోసారి పాలడుగుతుంది. చిన్న కడుపులో నీళ్లు పోస్తే అంత మేర పాలకు చోటు తగ్గుతుంది, పాసుకు మాత్రం బాగానే పోస్తుంది. చూసేవాళ్లకు అంతా బాగున్నట్టే ఉంటుంది గానీ బరువు పెరగదు.

మునుగోడు, మర్రిగూడ వైపు ఈ మాటకు ఇంకో బరువుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. ఈ ప్రాంతపు బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది, వంకర్లు తిరిగిన కాళ్లతో ఒక తరం తరమే పెరిగింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్గొండ పేరే పెట్టుకుంది. తల్లి తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతున్నా పాలలోకి వచ్చేది అతి తక్కువ, లీటరుకు 0.01 మిల్లీగ్రాము ఆ చుట్టుపక్కలే. ఒక రకంగా తల్లి ఒళ్లే వడపోత. అదే డబ్బా పొడిని బోరు నీళ్లలో కలిపితే ఆ ఫ్లోరైడ్ అంతా బిడ్డకే. మరిగించినా పోదు, నీళ్లు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. మిషన్ భగీరథ నల్లా వచ్చాక ఈ గండం చాలావరకు తప్పింది గానీ, నల్లా రాని రోజున బోరు నీళ్లే కదా దిక్కు.

పత్తి చేలో పాలగంట ఎక్కడిది?

మొదటి కాన్పు తల్లిగారింట్లో అవుతుంది. మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డనెత్తుకుని అత్తగారింటికి పంపుతారు. అప్పటిదాకా వేళకు తిండి పెట్టి, బిడ్డను అందించే మనిషి ఒకరుంటారు. వెళ్లిన వారానికల్లా పని ఎదురొస్తుంది. వెళ్లిన నెల కార్తీకమైతే పత్తి ఏరుడు, పుష్యమైతే యాసంగి నాట్లు.

పత్తి ఏరే రోజు ఎలా ఉంటుందో చూడండి. పొద్దున ఏడున్నరకల్లా ట్రాలీ ఆటో వాడకట్టు చివర ఆగుతుంది. అంతకుముందే వంట, సద్ది కట్టడం, బిడ్డకు ఒక విడత పాలు. సాయంత్రం ఐదున్నరకు గానీ తిరిగి రాదు. పసిబిడ్డ సగటున రోజుకు 11 సార్లు తాగుతుంది. ఈ పది గంటల్లో నాలుగైదు విడతలు తప్పిపోతాయి, అంటే 300 మిల్లీలీటర్ల పైన. రాత్రి కొంత పూడుతుంది గానీ అంతా పూడదు. చేను ఊరికి దగ్గరైతే ఆడబిడ్డో, అత్తో మధ్యాహ్నం బిడ్డను తెచ్చి ఇస్తారు. కానీ పత్తికి కూలి కిలోల లెక్కన. గట్టు మీద కూర్చుని అరగంట పాలిస్తే ఆ అరగంట పత్తి తూకంలో తగ్గుతుంది. రసం పీల్చే పురుగుకు మందు కొట్టిన చేలో చేతులు, రవిక కడుక్కునే నీళ్లు కూడా దగ్గర్లో ఉండవు.

నాట్లు ఇంకా గట్టి. గుంపుగా గుత్తకు పట్టిన మడిలోంచి ఒకరు లేచిపోతే మిగతావాళ్ల మీద బరువు పడుతుంది, మాట పడాల్సి వస్తుంది. గద్వాల వైపు విత్తనాల కోసం పెంచే సీడ్ పత్తిలో పొద్దున పుప్పొడి రాసే పని, సాయంత్రం మొగ్గలు వలిచే పని. రోజు రెండు చివరలా ఆమెను కట్టేస్తుంది.

వలస వెళ్లినవాళ్ల పరిస్థితి ఇంకా అధ్వానమని అనుకుంటాం. పాల వరకు చూస్తే నాకు అంత నమ్మకం లేదు. ఇటుక బట్టీలోనో, కట్టడం పనిలోనో బిడ్డ కనీసం తల్లికి పది గజాల దూరంలో చీర తొట్టెలలో ఉంటుంది. దుమ్ము, టీకాలు అందకపోవడం, జ్వరం వస్తే చూపించే దిక్కు లేకపోవడం, అక్కడి అసలు ప్రమాదాలు అవి.

పాలు పిండి పెట్టి వెళ్లడం అనే దారి ఒకటుంది. శుభ్రమైన చేతులతో, ఉడికించి కడిగిన స్టీలు గిన్నెలో పిండి మూత పెట్టి నీడపట్టున ఉంచితే మూడు నాలుగు గంటలు నిలుస్తాయి, మన ఎండల్లో అంతకు మించి ఆశించకూడదు. ఫ్రిజ్ ఉంటే ఒక రోజు ఉంచొచ్చు. పట్టడానికి సీసా వద్దు, మన ఉగ్గుగిన్నె చాలు. సీసా నిపిల్‌కు అలవాటైన బిడ్డ రొమ్ము దగ్గర మొరాయిస్తుంది, ఆ సీసాను సరిగ్గా కడగడం కూడా కష్టం. చేలో మధ్యాహ్నం ఒకసారి పిండేసినా లాభమే. పాలు గడ్డకట్టి జ్వరం రాకుండా ఉంటుంది, తయారీ ఆగదు. కానీ దానికి నలుగురి చాటు కావాలి, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వకుండా ఉండాలి. 2005 ఉపాధి హామీ చట్టంలో, పని దగ్గర ఐదుగురు అంతకంటే ఎక్కువ మంది చిన్నపిల్లలుంటే వాళ్లను చూసుకోవడానికి ఒక కూలీని పెట్టాలని రాశారు. ఆమెకూ కూలి కట్టివ్వాలన్నారు. రైతు చేలో పనికి అలాంటి రాతే లేదు.

బిడ్డ వైపు కారణాలూ ఉంటాయి. నెల తక్కువ పుట్టినవాళ్లు, బరువు తక్కువవాళ్లు గట్టిగా చీకలేరు. ముక్కు దిబ్బడ, నోట్లో పూత, జ్వరం, కామెర్లు ఉంటే తాగుడు తగ్గుతుంది. తల్లి వైపు ఇంకొకటి ఉంది. రెండు హార్మోన్లు కలిసిన గర్భనిరోధక మాత్రలను, మాలా-ఎన్ కూడా అందులోదే, ఆరు నెలల లోపు వేసుకుంటే పాలు తగ్గే అవకాశముంది. ఆశా కార్యకర్తను అడిగితే వాటికి బదులు ఛాయ మాత్రలో, అంతర ఇంజక్షనో, కాపర్-టీయో చెబుతుంది.

ఆరు నెలలు దాటాక

ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ఆరో నెల వరకు పాలకు ఏదీ అడ్డు రాకూడదన్నాం, ఇప్పుడు పాలు ఒక్కటే చాలవు. ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డకు పాల ద్వారా రోజుకు సుమారు 400 కేలరీలు వస్తాయనీ, ఇంకో 200 దాకా తిండి నుంచి రావాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఏడాది దాటాక తిండి నుంచి 550 దాకా కావాలి. పలచటి పప్పుకట్టు, బిస్కెట్ నానబెట్టిన టీ కడుపు నింపుతాయి గానీ కేలరీలివ్వవు, పాలనూ తగ్గిస్తాయి. ముద్ద చిక్కగా ఉండాలి, చెంచాడు నూనెనో నెయ్యో పడాలి. అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం ప్యాకెట్ ఇందుకోసమే, ఇంటిల్లిపాదీ పంచుకోవడానికి కాదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు, మరికొందరు కలిసి నల్గొండ జిల్లాలోనే 60 పల్లెల్లో దీనిమీద పెద్ద ప్రయోగం చేశారు. మూడో నెల నుంచి పదిహేనో నెల వరకు పిల్లలను గమనించారు. కొన్ని పల్లెల్లో శిక్షణ పొందిన స్థానిక మహిళలు ఇంటింటికీ వెళ్లి ఏం పెట్టాలో చెప్పారు. ఇంకొన్నిట్లో దానితోపాటు బిడ్డ ఆకలి సైగలను ఎలా గుర్తించాలో, తినిపిస్తూ ఎలా మాట్లాడాలో, ఎలా ఆడించాలో నేర్పారు. 2013లో ఫలితాలు అచ్చయ్యాయి. చెప్పించుకున్న పల్లెల్లో పిల్లలకు తిండి మెరుగ్గా అందింది, ఆట, మాట కలిపిన పల్లెల్లో పిల్లల మానసిక వికాసం ముందుంది. ఆ ఇళ్లకు కొత్తగా వచ్చింది డబ్బు కాదు, ఒక మనిషి వచ్చి కూర్చుని చెప్పడం.

రెండేళ్ల వరకు, వీలైతే ఆ తర్వాత కూడా పాలు కొనసాగించమంటారు వైద్యులు. అది అందరు పిల్లలకూ ఒకేలా జరగదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల గణాంకాలను తీసుకుని ఇద్దరు ఆర్థికవేత్తలు 2011లో ఒక విశ్లేషణ ప్రచురించారు. మన దేశంలో ఆడపిల్లలు మగపిల్లలకంటే తక్కువ కాలం తల్లిపాలు తాగుతున్నారనీ, ముఖ్యంగా ఇంకా కొడుకు పుట్టని ఇళ్లలో ఆ తేడా ఎక్కువనీ చూపించారు. పాలిస్తున్నంతకాలం మళ్లీ నెల తప్పడం ఆలస్యమవుతుంది. కొడుకు కావాలనుకునే ఇల్లు ఆ ఆలస్యాన్ని ఓర్చుకోదు, కూతురి పాలు ముందే మాన్పిస్తుంది. దేవరకొండ తండాల్లో ఆడశిశువుల అమ్మకాల గురించి పత్రికలు రాసి చాలా కాలమైంది. పాలు ముందే మాన్పించడం వార్త కాదు, ఎవరి రిజిస్టర్‌లోనూ ఎక్కదు.